క్రేమ ముట్టడి: పొరుగు ఊళ్ళు కొని తెచ్చిన యుద్ధం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే ఊరి పేరు క్రేమ. ఇటలీ ఉత్తర భాగంలో, లొంబార్దీ మైదానంలో, సేరియో నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం అది. దానికి వాయవ్యంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో మిలాన్ ఉంది, ఆగ్నేయంగా ఇంచుమించు అంతే దూరంలో క్రెమోనా ఉంది, పడమటి వైపున మరీ దగ్గరలో లోది ఉంది. ఈ నాలుగు పేర్లూ మీరు గుర్తుంచుకుంటే చాలు, మిగిలిన కథంతా వాటి మధ్యనే తిరుగుతుంది. 1159 జూలైలో మొదలై 1160 జనవరి చివరి వారం దాకా, అంటే దాదాపు ఏడు నెలలు, జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఈ ఊరిని ముట్టడించాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ ముట్టడి చక్రవర్తికీ స్వేచ్ఛ కోరిన పట్టణానికీ జరిగిన పోరాటంగా ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. అందులో అబద్ధం లేదు గాని అసలు సంగతి మరుగున పడిపోతుంది. ఆ సేనను క్రేమ గోడల దాకా నడిపించింది పొరుగు ఊరి పగ, పొరుగు ఊరి డబ్బు, పొరుగు ఊరు భద్రంగా దాచుకున్న ఒక పాత దానపత్రం. ఈ మూడింటినీ పక్కన పెట్టి ఆ ముట్టడిని అర్థం చేసుకోలేమని నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఆ దానపత్రం సంగతి చూద్దాం. 1098లో తోస్కానా ప్రభ్వి మతిల్దా, క్రేమ చుట్టూ ఉన్న ఇన్సులా ఫుల్కేరియా అనే ప్రాంతాన్ని క్రెమోనా చర్చికీ ఆ ఊరి పౌరులకూ రాసిచ్చింది. ఇన్సులా అంటే దీవి అని అర్థం. నదులూ బురద నేలలూ చుట్టుముట్టిన పల్లపు భూమి కనుక ఆ పేరు వచ్చింది. రాసిచ్చినంత సులువుగా భూమి చేతులు మారలేదు. క్రేమ వాళ్ళు ఆ దానాన్ని ఒప్పుకోలేదు. మేము ఎవరి సొత్తూ కాదు, మా ఊరు మాది అన్నది వారి వాదన. క్రెమోనా మాత్రం ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని, తరం తర్వాత తరం, ఈ ఊరు మాకు దక్కవలసిన ఊరేనని అడుగుతూ వచ్చింది. ఒక కాగితం నూరేళ్ళ పాటు కొన్ని వేల మంది బతుకులను ఎలా వెంటాడగలదో చూడాలంటే లొంబార్దీ చరిత్రలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఆ కాలపు ఉత్తర ఇటలీ పట్టణాల పాలన తీరును కూడా కొంచెం చెప్పుకోవాలి. పేరుకు ఇటలీ రాజ్యం చక్రవర్తిదే, కాని చక్రవర్తులు ఆల్ప్స్ పర్వతాలకు అవతల, జర్మనీలో ఉండేవారు. ఎప్పుడో ఒకసారి సేనతో దిగి, రోమ్‌లో పోపు చేత కిరీటం పెట్టించుకుని వెళ్ళిపోయేవారు. ఆ ఖాళీలో పట్టణాలు తమను తాము పాలించుకోవడం నేర్చుకున్నాయి. పౌరులు ఏటా కాన్సుళ్ళు అనే పెద్దలను ఎన్నుకునేవారు; వారే తీర్పులు చెప్పేవారు, సుంకాలు వసూలు చేసేవారు, యుద్ధాలకూ నడిపించేవారు. ఈ స్వపరిపాలన చూడముచ్చటగా ఉంటుంది కాని, దానికి రెండో ముఖం కూడా ఉంది. తన గోడల లోపల స్వేచ్ఛ కోరిన ప్రతి పట్టణమూ గోడల బయట పొరుగు ఊరిని లొంగదీయాలనే చూసింది. మిలాన్ 1111లో లోదిని నేలమట్టం చేసింది. లోది వాళ్ళను ఊరి చుట్టుపక్కల పల్లెల్లో చెదరగొట్టి ఉంచింది. క్రేమ ఈ మిలాన్ పక్షాన చేరింది, ఎందుకంటే క్రెమోనా బారి నుంచి కాపాడగలిగినంత బలం చుట్టుపక్కల మిలాన్‌కు తప్ప మరెవరికీ లేదు. కనుక క్రేమ ప్రజల మీద నాకు ఎంత సానుభూతి ఉన్నా, వారు ఏ పాపమూ ఎరుగని పక్షం వారని మాత్రం అనలేను.

1153 మార్చిలో, ఫ్రెడరిక్ రాజుగా ఎన్నికైన మరుసటి సంవత్సరం, కాన్‌స్టాన్స్ నగరంలో కొలువు తీరి ఉండగా, అక్కడికి వచ్చిన ఇద్దరు లోది మనుషులు చర్చిలోంచి రెండు పెద్ద శిలువలు తెచ్చి భుజాన మోసుకుంటూ సభలోకి వచ్చి రాజు కాళ్ళ మీద పడ్డారు. మిలాన్ తమ ఊరికి చేసిన అన్యాయాన్ని ఏడుస్తూ చెప్పుకున్నారు. ఈ సంఘటనను రాసి పెట్టినవాడు లోదికే చెందిన ఒత్తో మొరేనా అనే న్యాయాధికారి. అతని పేరు మనకు మళ్ళీ వస్తుంది. ఫ్రెడరిక్ ఇటలీలోకి దిగడానికి సొంత కారణాలు చాలానే ఉన్నాయి గాని, అతని కోసం తలుపులు లోపలి నుంచే తెరుచుకున్నాయన్నది ఈ దృశ్యంలో కళ్ళకు కడుతుంది. 1155లో పావియా పట్టణం ఉసిగొల్పితే అతను తొర్తోనాను ముట్టడించి ధ్వంసం చేశాడు. పావియాకు తొర్తోనా శత్రువు, తొర్తోనాకు మిలాన్ మిత్రుడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

1158లో ఫ్రెడరిక్ రెండోసారి పెద్ద సేనతో వచ్చి మిలాన్‌ను చుట్టుముట్టాడు. అంత పెద్ద నగరమూ ఆగస్టులో మొదలైన ముట్టడికి సెప్టెంబరు మొదటి వారానికల్లా తలవంచి, మాట తప్పమని పూచీగా 300 మంది మనుషులను అప్పగించింది. ఆ నవంబరులో రోంకాలియా మైదానంలో మహాసభ జరిగింది. బొలోన్యా నుంచి వచ్చిన నలుగురు న్యాయకోవిదులు పాత రోమన్ చట్టాన్ని ముందు పెట్టుకుని, సుంకాలు, నాణేల ముద్రణ, మిల్లులు, వంతెనలు, రేవులు, న్యాయాధికారుల నియామకం, ఇవన్నీ రాజుకే చెందిన హక్కులని తేల్చారు. అనుభవిస్తున్నామనేవారు రాతపూర్వకమైన ఆధారం చూపాలి. యాభై అరవై ఏళ్ళుగా వాడుక మీద నడుస్తున్న పట్టణాలకు ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? క్రెమోనా దగ్గర మాత్రం మతిల్దా ఇచ్చిన పత్రం ఉంది. కాగితం ఉన్నవాడిదే హక్కు అని చట్టం తేల్చిన ఆ క్షణంలో క్రేమ చట్టం దృష్టిలో ఓడిపోయిందనే చెప్పాలి.

1159 తొలి నెలల్లో చక్రవర్తి దూతలు క్రేమకు వచ్చారు. గోడలు కూల్చుకోవాలి, అగడ్తలు పూడ్చుకోవాలి అన్నది వారు తెచ్చిన ఆజ్ఞ. ఈ ఆజ్ఞ వెనుక క్రెమోనా చక్రవర్తికి ఇవ్వజూపిన 15,000 వెండి మార్కుల సొమ్ము ఉందని చక్రవర్తి పక్షం వాడైన మొరేనాయే నమోదు చేశాడు. గోడ అంటే ఆ రోజుల్లో ఒక కట్టడం మాత్రమే కాదు. గోడ ఉన్న ఊరు పట్టణం, గోడ లేని ఊరు పల్లె. మీ చేతులతో మీరే మీ ఊరిని పల్లెగా మార్చుకోండి అన్న ఆజ్ఞకు క్రేమ జనం తిరగబడ్డారు. ఆ దూతలు ప్రాణాలు దక్కించుకుని బయటపడడమే గగనమైంది. అదే రోజుల్లో మిలాన్ కూడా, తమ మీద చక్రవర్తి నియమించాలనుకున్న అధికారులను ఒప్పుకోక, మళ్ళీ ఎదురు తిరిగింది.

జూలై మొదటి రోజుల్లో ముందుగా క్రెమోనా సేన వచ్చి గోడల ముందు దిగింది. వారం తిరిగేసరికి ఫ్రెడరిక్ వచ్చి చేరాడు. తర్వాత సాక్సనీ ప్రభువు, సింహం అని పేరు పొందిన హెన్రీ, జర్మనీ నుంచి కొత్త సేనతో, రాణి బేయాత్రిస్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. క్రేమకు సాయంగా మిలాన్ కొన్ని వందల కాల్బలాన్నీ కొందరు ఆశ్వికులనూ ఒక కాన్సుల్ నాయకత్వంలో లోపలికి పంపింది, బ్రేషా నుంచి కూడా మనుషులు వచ్చారు. ఆగస్టులో మిలాన్, బ్రేషా, పియాచెన్సా పట్టణాలతో పాటు ఈ చిన్న క్రేమ కూడా పోపు నాలుగవ ఏడ్రియన్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. సెప్టెంబరు 1న ఆ పోపు మరణించడం, కొద్ది రోజుల్లోనే ఇద్దరు పోపులు ఎన్నిక కావడం, మొత్తం పడమటి క్రైస్తవ ప్రపంచం రెండుగా చీలడం, ఇవన్నీ క్రేమ ముట్టడి సాగుతుండగానే జరిగాయి. ఎవరు నిజమైన పోపో తేల్చడానికి ఫ్రెడరిక్ పావియాలో 1160 జనవరి 13కు సభ పిలిచాడు. క్రేమ ఇంకా లొంగలేదు గనుక ఆ సభ ఫిబ్రవరికి వాయిదా పడింది. ఒక చిన్న పట్టణం గోడ కూలకపోవడం వల్ల బిషప్పులంతా ఎదురుచూడవలసి వచ్చిందంటే, ఆ గోడ ఎంత గట్టిదో మనం ఊహించుకోవచ్చు.

నిజంగానే అది గట్టి ఊరు. చుట్టూ బురద నేల, వెడల్పైన అగడ్త, దాని వెనుక బలమైన గోడలు. ముట్టడి సేన ముందున్న మొదటి పని ఆ అగడ్తను పూడ్చడం. లోది పట్టణం 200కు పైగా పీపాలు పంపింది. వాటి నిండా మట్టి నింపి అగడ్తలోకి దొర్లించారు. వాటి మీద రెండు వేల బండ్ల కట్టెలూ మట్టీ తెచ్చి పోశారు. ఈ పని చేసేవారి మీద గోడల పైనుంచి రాళ్ళూ బాణాలూ పడకుండా పైకప్పు ఉన్న ఒక బండి లాంటి పందిరిని అడుగడుగునా ముందుకు జరుపుతూ పోయారు. ఆ సాధనాన్ని వారు పిల్లి అనే పిలిచేవారు. దాని చాటున అగడ్త నిండింది. లోది ఇచ్చిన ఆ పీపాలను నేను తరచూ తలచుకుంటాను. మామూలు రోజుల్లో అలాంటి పీపాల్లో ఉండేది ద్రాక్షసారా. ఏ ఊరి వాళ్ళు తమ ఊరు కూల్చినప్పుడు శిలువలు మోసి ఏడ్చారో, ఆ ఊరి వాళ్ళే మరో ఊరిని కూల్చడానికి వాటిని బండ్ల మీద ఎత్తి పంపారు.

పూడ్చిన దారి మీదుగా క్రెమోనా వాళ్ళు కట్టిన పెద్ద చెక్క బురుజును నడిపించారు. అంతస్తులు అంతస్తులుగా గోడ కంటే ఎత్తుగా లేచిన ఆ బురుజును వందల మంది కింద నుంచి తోస్తే గాని కదిలేది కాదు. అది గోడను సమీపించిందంటే పై అంతస్తుల్లోని విలుకాళ్ళు ఊరి లోపలికి గురిపెట్టగలరు, గోడ మీదికి వంతెన దించగలరు. అందుకని క్రేమ వాళ్ళు తమ దగ్గరున్న రాళ్ళు రువ్వే యంత్రాలన్నీ దాని మీదికి తిప్పారు. బండరాళ్ళ దెబ్బకు బురుజు పగుళ్ళు తీస్తుండగా, ఇక ముందుకు పోతే కూలిపోతుందని తోచిన సమయంలో, చక్రవర్తి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. తన దగ్గర పూచీగానూ బందీలుగానూ ఉన్న క్రేమ, మిలాన్ మనుషులను తెచ్చి ఆ బురుజు ముందు భాగానికి కట్టమన్నాడు.

అప్పటికే ఈ యుద్ధంలో మనిషితనం సన్నగిల్లిపోయింది. ముట్టడి సేన బందీలను ఉరితీస్తే, లోపలి వాళ్ళు తమకు చిక్కిన బందీలను గోడల మీద, బయటి వారికి కనబడేలా చంపారు. తెగిన తలలను బంతులుగా చేసుకుని ఆడారని ఫ్రైజింగ్ మతాధికారి రాహెవిన్ రాశాడు. అయినా బురుజుకు మనుషులను కట్టడం వీటన్నిటినీ మించిన పని. తాళ్ళతో కట్టి ఉన్నవాళ్ళు గోడ మీద నిలబడ్డవారికి పరాయివారు కారు. ఒకరికి కొడుకు, ఒకరికి అన్న, ఒకరికి నిన్నటిదాకా పక్కింట్లో మసలిన మనిషి. ఇలా చేస్తే రాళ్ళు ఆగుతాయని చక్రవర్తి లెక్క వేసుకున్నాడు. రాళ్ళు ఆగలేదు. యంత్రాలు విసురుతూనే ఉన్నాయి, కట్టి ఉన్న మనుషుల్లో కొందరు తమ ఊరి రాళ్ళ కిందనే చనిపోయారు. చివరికి బురుజును వెనక్కి లాగవలసి వచ్చింది.

ఈ ఘట్టం దగ్గర చరిత్ర చదివేవారు కొంచెం నిదానించాలి. రాహెవిన్ ఈ బందీలను పసివాళ్ళుగా చిత్రిస్తాడు. గోడ మీది తల్లిదండ్రుల నోట ఉపన్యాసాలు పలికిస్తాడు. లాటిన్ పండితుల రచనా సంప్రదాయం అది. ఆ ఉపన్యాసాలను నిజంగా ఎవరో విని రాసుకున్నవిగా మనం తీసుకోనక్కరలేదు. మొరేనా అలా చేయలేదు. అతను చనిపోయినవారి పేర్లు రాశాడు, ఎవరు ఏ ఇంటివారో రాశాడు, బతికినవారిలో ఒకరికి కాలు, మరొకరికి చేయి విరిగిందని కూడా రాశాడు. గుర్తుంచుకోండి, మొరేనా లోది మనిషి, చక్రవర్తి పక్షం వాడు, మిలాన్ వాళ్ళు తన ఊరిని 1158 వసంతంలో రెండోసారి కూల్చడం కళ్ళారా చూసినవాడు. ఆ ఏడాది ఆగస్టు 3న తన ఊరిని కొత్త చోట నిలబెట్టిన చక్రవర్తి మీద అతనికి ఎనలేని భక్తి. అయినప్పటికీ శత్రువుల బిడ్డల పేర్లను అతను విడిచిపెట్టలేదు. న్యాయాధికారి గనుక పేరు, ఇల్లు, గాయం అని క్రమంగా నమోదు చేసే అలవాటు ఉండి ఉండవచ్చు. అది ఒక్కటే కారణమని నాకు అనిపించదు. ఎవరి రచనలో అయినా గెలిచిన పక్షం ఓడినవారిని ఒక గుంపుగా చూపడం పరిపాటి. అక్కడ అతను ఒక్కొక్కరినీ విడివిడిగా చూశాడు. అందువల్లే ఎనిమిది వందల అరవై ఏళ్ళకు పైగా గడిచిన తర్వాత కూడా ఈ హాలులో మనం వారిని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

చలికాలం వచ్చినా ముట్టడి సడలలేదు. గోడను పొడిచే దూలంతో ఒక చోట గోడను పడగొడితే, లోపలి వాళ్ళు రాత్రికి రాత్రే దాని వెనుక మట్టికట్ట లేపారు. నేల కింద సొరంగాలు తవ్వి యంత్రాలను తగలబెట్టడానికి ప్రయత్నించారు. ఈ ఉపాయాలన్నిటికీ ఆధారమైనవాడు మార్కేసే అనే యంత్ర నిర్మాత, క్రేమ వాడే. 1160 జనవరి మొదట్లో అతను రాత్రివేళ గోడ దిగి చక్రవర్తి వైపు వెళ్ళిపోయాడు. చక్రవర్తి అతనికి డబ్బు, మంచి గుర్రం బహుమతిగా ఇచ్చాడు. ఆరు నెలలు ఊరిని నిలబెట్టిన చేతులే ఇప్పుడు బురుజు మీద నుంచి గోడ మీదికి దించే పొడవైన వంతెనను తయారు చేశాయి. జనవరి 21న ఆ వంతెన మీదుగా దాడి జరిగింది. ఆ రోజు కూడా క్రేమ వాళ్ళు దాడిని తిప్పికొట్టగలిగారు గాని, బయటి గోడను నిలుపుకోలేక లోపలి గోడ వెనక్కి తగ్గారు. ఇక సాయం వచ్చే దారి లేదు, తిండి లేదు, తమ యంత్రాల గుట్టు తెలిసిన మనిషి శత్రువు శిబిరంలో ఉన్నాడు.

అక్విలేయా మతగురువు పిల్‌గ్రిం, సింహం హెన్రీ మధ్యవర్తులుగా లొంగుబాటు కుదిరింది. క్రేమ జనాన్ని ప్రాణాలతో విడిచిపెడతారు. ఒక్కసారికి తమ భుజాల మీద మోయగలిగినంత సామాను తీసుకుని వెళ్ళవచ్చు. మిలాన్, బ్రేషాల నుంచి సాయానికి వచ్చినవారు ఆయుధాలూ సామానూ అక్కడే వదిలి ఉత్త చేతులతో పోవాలి. సుమారు ఇరవై వేల మంది బయటికి నడిచారని రాహెవిన్ రాశాడు. ఆ సంఖ్య ఎక్కువ చేసి చెప్పినదై ఉండవచ్చు. భుజాన మోయగలిగినంత అన్న ఆ షరతు దగ్గర నా మనసు ఆగిపోతుంది. ఒక ఇంట్లో ముసలి తల్లి ఉంటే, నడవలేని బిడ్డ ఉంటే, ఆ మనిషి భుజాన ఎక్కేది సామానా, తల్లా? ఇరుకు దారిలో రోగులను మోసుకు వస్తున్నవారికి చక్రవర్తే స్వయంగా చేయి అందించాడని ఒక వృత్తాంతం చెబుతుంది. దాన్ని నేను నమ్మగలను. అదే మనిషి కొన్ని నెలల ముందు బురుజుకు మనుషులను కట్టించాడు. రెండూ ఒకే మనిషి చేతులు చేసిన పనులే, ఒకదాన్ని చూపి మరొకదాన్ని చెరిపెయ్యకూడదు.

ఖాళీ అయిన ఊరిని సైనికులు దోచుకున్నారు, నిప్పు పెట్టారు. గోడలను, ఇళ్ళను, చర్చిలతో సహా రాయి రాయి విడదీసే పనికి క్రెమోనా, లోది జనం ఉత్సాహంగా పూనుకున్నారు. రెండేళ్ళ తర్వాత, 1162 మార్చిలో లొంగిన మిలాన్‌కూ ఇదే గతి పట్టింది. నగరాన్ని భాగాలుగా పంచి, ఒక్కొక్క ద్వారం చుట్టుపక్కల ప్రాంతాన్ని కూల్చే పనిని ఒక్కొక్క శత్రు పట్టణానికి అప్పగించారు. లోదికి తూర్పు ద్వారం దక్కింది, క్రెమోనాకు రోమన్ ద్వారం దక్కింది. క్రేమను మళ్ళీ కట్టనివ్వనని చక్రవర్తి చేత క్రెమోనా రాయించుకుంది.

అయితే చక్రవర్తి అధికారుల పన్నులు మిత్రులనూ శత్రువులనూ ఒకేలా పిండడం మొదలయ్యేసరికి, 1167లో లొంబార్దీ పట్టణాలు కూటమి కట్టాయి. అందులో మొదట చేరిన పట్టణాల్లో క్రెమోనా ఒకటి. మిలాన్ జనాన్ని వెనక్కి తెచ్చి వారి నగరంలో నిలబెట్టిన వారిలోనూ క్రెమోనా ఉంది. ఇంత మార్పు వచ్చినా క్రేమ విషయంలో మాత్రం క్రెమోనా మనసు మారలేదు. ఆ ఊరు మళ్ళీ లేవకూడదన్న షరతు కూటమిలోనూ పెట్టుకుంది. 1176 మే 29న లెన్యానో దగ్గర కూటమి సేన చక్రవర్తిని ఓడించింది, 1183లో కాన్‌స్టాన్స్‌లో సంధి జరిగింది, పట్టణాలకు స్వపరిపాలన దక్కింది. అప్పటికీ క్రేమ ఉన్న చోట శిథిలాలే.

ఆ తర్వాత జరిగినది చదివినప్పుడు నేను మొదటిసారి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 1185 ఫిబ్రవరిలో ఫ్రెడరిక్ తన పాత శత్రువు మిలాన్‌తో స్నేహ ఒప్పందం చేసుకున్నాడు. క్రేమను తిరిగి కట్టించడం ఆ ఒప్పందంలో ఒక షరతు. ఆ మే నెలలో అతను స్వయంగా క్రేమకు వచ్చి, తాను కూల్చిన ఊరి పునర్నిర్మాణాన్ని దగ్గరుండి మొదలుపెట్టించాడు. ఇరవై ఏళ్ళ వయసులో తల్లిని భుజాన ఎత్తుకుని బయటికి నడిచినవాడెవరైనా ఆ రోజు అక్కడికి తిరిగి వచ్చి ఉంటే, అతనికి నలభై అయిదేళ్ళు. చక్రవర్తికి ఇంచుమించు అరవై మూడు. ఎర్రగడ్డం అని అర్థం వచ్చే బార్బరోసా అన్న పేరు తెచ్చిపెట్టిన ఆ గడ్డం అప్పటికి నెరిసే ఉంటుంది. 15,000 మార్కులు పోసి పగ తీర్చుకున్న క్రెమోనా దీన్ని నమ్మకద్రోహంగా భావించి ఎదురు తిరిగింది. 1186లో అదే చక్రవర్తి క్రెమోనా మీదికి మిలాన్ సేనతో కలిసి నడిచాడు. క్రెమోనా కట్టుకున్న మన్‌ఫ్రేదో కోటను లొంగదీసి కూల్పించి, జూన్‌లో ఆ పట్టణం చేత సంధి చేయించుకున్నాడు.

కథ అక్కడితో తెగలేదు. 1191లో ఫ్రెడరిక్ కొడుకు ఆరవ హెన్రీకి ఇటలీలో మిత్రులు కావలసి వచ్చారు, అతను మళ్ళీ క్రెమోనా వైపు మొగ్గాడు. క్రేమ మీద, ఇన్సులా ఫుల్కేరియా మీద హక్కును క్రెమోనాకే తిరిగి రాసిచ్చాడు. మతిల్దా పత్రం రాసి అప్పటికి 93 ఏళ్ళయింది. ఈసారి మాత్రం క్రేమ జనం గోడల లోపల ఉన్నారు, మిలాన్ వారి వెనుక నిలబడింది, ఆ రాత కాగితం మీదనే మిగిలింది. క్రేమ తర్వాత మిలాన్‌ను ఏలిన విస్కోంతీ వంశం చేతికి, 1449లో వెనిస్ చేతికి వెళ్ళింది గాని, క్రెమోనా చేతికి మాత్రం చిక్కి నిలవలేదు. ఇవాళ అక్కడ కనిపించే గోడలు వెనిస్ వాళ్ళు కట్టినవి. 1160లో జనం భుజాల మీద సామాను మోసుకుంటూ దాటి వెళ్ళిన గోడ ఇప్పుడు లేదు.

మీరంతా ఇంత ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. ప్రశ్నలుంటే అడగండి.